రెండో పాదం తర్వాత ఊపిరి

మా ఇంట్లో హార్మోనియం బాగుపడిందనడానికి గుర్తు చావు పాట. నమ్మబుద్ధి కాకపోతే మానేయండి. తెనాలిలో మా వీధి పాతవాళ్ళని ఎవరినడిగినా చెప్తారు.

మా నాన్న హార్మోనియంలు బాగుచేసేవాడు. నాటకాల ఊరు కాబట్టి ఒకప్పుడు ఆ పనికి కరువుండేది కాదు. పద్యాలు పాడేవాళ్ళు, భజన మేళాల వాళ్ళు, హరికథలు చెప్పేవాళ్ళు, చర్చిల వాళ్ళు, అందరి పెట్టెలూ మా వసారాలోకి వచ్చి చేరేవి. మేం ముస్లింలం. నమాజుకి వెళ్ళొచ్చే పెద్దవాళ్ళు మా గుమ్మం ముందు ఆగి, "ఈ సంగీతం మనకెందుకయ్యా" అని అడిగితే, "నాది వడ్రంగం చాచా, సంగీతం వాళ్ళది" అని తప్పించుకునేవాడు నాన్న. అందులో అబద్ధం కూడా లేదు. ఆయనకి సరిగమలు రావు. ఏ రాగం పేరూ తెలీదు. చెవి ఉంది, చెయ్యి ఉంది, అంతే.

పెట్టె ఏ మేళానిదైనా, అంతా బిగించాక ఆయన వాయించి చూసే పాట మాత్రం ఒక్కటే. రేపల్లె చర్చిలో మనిషి పోయినప్పుడు పాడే పాట. ఒకసారి కృష్ణుడి వేషం కట్టే ఆయన పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చి, ఆ పాట అయ్యేదాకా ఓపికపట్టి, "ఏమండీ, నేను రేపు ఎక్కేది స్టేజీ అండి, పాడె కాదు" అన్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదో దారి అని మా అమ్మ విసుక్కునేది. పక్కింటి వాళ్ళయితే ఆ పాట వినపడగానే "ఎవరు పోయారు?" అని కాకుండా "ఎవరి పెట్టె అయింది?" అని అడగడం అలవాటు చేసుకున్నారు.

నాన్న లెక్క నాన్నకుంది. ఆ పాటలో చరణానికి నాలుగు పాదాలు. మొదటి రెండూ నేల మీద నడుస్తాయి. మూడోది మెల్లగా ఎక్కి, పైన ఒక స్వరం మీద నిలబడిపోతుంది. నాలుగోది దిగి ఇంటికొస్తుంది. అంతా చాలా నెమ్మది. తిత్తిలో గాలి ఎక్కడ కారుతున్నా, లోపలి ఇత్తడి రీడు ఏది వణుకుతున్నా ఆ పైస్వరం దగ్గర పట్టుబడి తీరాల్సిందే. "వేరే పాటలు గబగబా పోతాయి, తప్పులు దాచుకుంటాయి. ఇందులో దాక్కోడానికి చోటు లేదు" అనేవాడు.

ఆ పాట ఆయనకి అంటించింది రేపల్లె చర్చిలో కాళ్ళ హార్మోనియం వాయించే టీచరమ్మగారు. కాళ్ళతో తొక్కితే గాలి పట్టే పెద్ద బల్ల లాంటి పెట్టె అది. విదేశీ మిషన్ వాళ్ళు తెచ్చిపెట్టి వెళ్ళిపోయారు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. పొద్దున బడిలో పిల్లలకి చదువు చెప్పడం, ఆదివారం ఆ పెట్టె ముందు కూర్చోవడం, ఇంతే ఆవిడ బతుకు. నేను పుట్టకముందు నాన్న ఆ పెట్టె బాగుచేయడానికి వెళ్తే, పని అయ్యాక ఆవిడ ఈ పాట వాయించి చూపించిందట. నాన్న ఆ ఒక్క పాటా వేళ్ళకి ఎక్కించుకుని వచ్చేశాడు. అప్పటినుంచి ఆవిడ ఆయనకి అక్కయ్యగారు, ఆవిడకి ఈయన తమ్ముడు. నాకు మాత్రం టీచరమ్మగారే. భయమేసే మనిషి.

పాట నార్వేది. నార్వే అంటే చీరాల దాటాక వస్తుందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. టీచరమ్మగారి దగ్గర రాగాల పుస్తకం ఉండేది. ప్రతి రాగం నెత్తిన చిన్న అక్షరాల్లో అది కట్టినాయన పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు ఉండేవి. ఈ రాగం కట్టినాయన పేరు మాలో ఎవరి నోరూ తిరిగేది కాదు. "నార్వే మేష్టారు" అన్నాడు నాన్న. అదే స్థిరపడింది.

ఆ మేష్టారి గురించి టీచరమ్మగారికి తెలిసిందంతా బాపట్లలో టీచరు ట్రైనింగు చదివేటప్పుడు అక్కడి దొరసాని చెప్పిన కబుర్లే. ఆయన ఒకే చర్చిలో బతుకంతా ఆర్గాన్ వాయించాడట. సముద్రం ఒడ్డు ఊరట. మన నిజాంపట్నంలాగే పడవలూ, చేపలూ, ఆ వాసనాను, కాకపోతే చేపలు ఎండబెడదామంటే ఎండే ఉండదట. చలికాలం మధ్యాహ్నానికే చీకటి పడిపోతే, ఆ చీకట్లో జనం ఇళ్ళకి బయల్దేరేముందు పాడుకోవడానికి కట్టాడట ఈ పాట. చావు కోసం కట్టలేదు. తెలుగు మాటలు కూడా పొద్దుగూకి ఇల్లు చేరడం గురించే. చావుకి వాడుకున్నది రేపల్లె వాళ్ళు.

ఇదంతా విని నాన్న అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఆయన పెట్టెకి రిపేరు ఎవరు చేసేవారండి?"

టీచరమ్మగారు నవ్వింది. "అది పుస్తకాల్లో రాయరు తమ్ముడూ."

"రాయరండి, మాకు తెలుసు" అన్నాడు నాన్న.

ఇంకొక సంగతి చెప్పాలి. రేపల్లె చర్చిలో ఈ పాట పాడేటప్పుడు రెండో పాదం తర్వాత అందరూ ఆగిపోతారు. చిన్న ఆగడం కాదు, నిండుగా ఒక ఊపిరి తీసుకుని వదిలేంత. పుస్తకంలో అక్కడ ఆగమని లేదు. అసలు సంగతేమంటే, నాన్న రాకముందు ఆ పెట్టె తిత్తి చిరిగిపోయి ఉండేది. రెండు పాదాలకే గాలి అయిపోయేది. టీచరమ్మగారు ఆపి, గబగబా తొక్కి, గాలి నింపుకుని మూడో పాదం ఎక్కేది. అలా ఏళ్ళ తరబడి పాడి పాడి సంఘం మొత్తం దాన్నే పాట అనుకుంది. నాన్న కొత్త తిత్తి కట్టాడు, గాలి సమృద్ధిగా ఉంది, అయినా ఆ తర్వాత జరిగిన మొదటి భూస్థాపనలో జనమంతా అక్కడ ఠక్కున ఆగారు. పెట్టె ఒక్కటే ముందుకు పోయింది. టీచరమ్మగారు సిగ్గుపడి వెనక్కి వచ్చింది.

నాన్న ఆ రోజు అక్కడే ఉన్నాడు. "నేను బాగుచేశాక కూడా ఆగుతారేంటండి?" అని ఆయన బాధ.

"వాళ్ళ అలవాటు తిత్తికి తెలీదు కదయ్యా" అందావిడ. అప్పటినుంచి ఆవిడా ఆగేది. చివరికి మా వసారాలో నాన్న కూడా ఆగేవాడు. నార్వే మేష్టారు వింటే నెత్తీనోరూ కొట్టుకునేవాడేమో.

నాన్నకి ఆవిడే నేర్పిన ఇంకో రహస్యం ఉంది. ఆ పెట్టెకి కింద ఒక చెక్క ఉంటుంది, మోకాలితో పక్కకి నెడితే పాట గట్టిగా వస్తుంది. "నిండు చర్చి పాడుతుంటే ఆ చెక్క జలదరిస్తుంది తమ్ముడూ. నేను జనం వైపు వీపు పెట్టి కూర్చుంటాను కదా, ఎంతమంది పాడుతున్నారో మోకాలే చెప్తుంది నాకు" అనేది. నాన్న నమ్మలేదు. ఒక క్రిస్మస్ ఆరాధనకి వెళ్ళి, ఆవిడ పక్కన నేల మీద కూర్చుని, పెట్టెకి అరచెయ్యి ఆనించి చూసి వచ్చాడు. ఇంటికొచ్చి, నిజంగానే జలదరిస్తుందని ఆ రోజంతా అదే మాట.

రెండువేల సంవత్సరం దాటాక కీబోర్డులు వచ్చాయి. నాకు వాటిమీద ఉన్న కోపం ఇప్పటికీ తగ్గలేదు, అది న్యాయం కాదని తెలిసినా సరే. ఒక మీట నొక్కితే తబలా, ఇంకో మీట నొక్కితే వేణువు, గాలి అక్కర్లేదు, శ్రుతి తప్పదు, రిపేరుకి వస్తే పారేసి ఇంకోటి కొనుక్కోవడమే. నాటకాల వాళ్ళు కొన్నారు. చర్చిలు కొన్నాయి. మా వసారా ఖాళీ అవుతూ వచ్చింది. మొదట్లో నాన్న పట్టించుకోలేదు. "కరెంటు పోతే నా దగ్గరికే వస్తారు" అన్నాడు. ఇన్వర్టర్లు వచ్చాయి.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు ఆ మీదట నాన్న చెవులు. మాకు ఎలా తెలిసిందంటే, చెరుకుపల్లి భజన మేళం పెద్దాయన ఒకరు బాగుచేయించుకు వెళ్ళిన పెట్టెని వెనక్కి తెచ్చారు. చాలా మర్యాదస్తుడు. "పైస్థాయి కాస్త తేడాగా ఉన్నట్టుందండి, నా చెవి దోషమేమో చూడండి" అన్నారు. నాన్న వాయించాడు. మూడో పాదం ఎక్కి, పైస్వరం మీద నిలబడి, "బ్రహ్మాండంగా ఉందండి" అన్నాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. సంగీతం తెలియని నాకే పళ్ళు జివ్వుమన్నాయి. ఆ పెద్దాయన నా వంక చూశారు. నేను తల దించుకున్నాను. నాన్న ఇద్దరినీ చూశాడు. ఇంకోసారి వాయించాడు. ఆ తర్వాత పెట్టె మెట్ల మీద వేళ్ళు అలాగే ఉంచి కూర్చుండిపోయాడు.

డాక్టరు నరం అన్నాడు. ముందు పై స్వరాలు పోతాయి, తర్వాత మాటలు, మందు లేదు అన్నాడు. చెవి మిషను పెట్టిస్తే లోపల ఎవరో వేపుడు వేయిస్తున్నట్టుందని తీసి డబ్బాలో పెట్టేశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే మాట మా ఇంట్లో రోజుకోసారి వినపడేది అంతకుముందు. అమ్మ నన్ను తిట్టడానికీ, నేను అమ్మని తిట్టడానికీ అదే. ఒక్కరోజులో అది మా నోళ్ళలోంచి మాయమైంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాతి కాలం ఎలా గడిచిందో చెప్పడం నాకిష్టం లేదు. చెప్తాను. నాన్న పనిముట్లన్నీ నూనె గుడ్డలో చుట్టి అటక మీద పెట్టించాడు. వసారాలో గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. అన్నానికి పిలిస్తే వచ్చేవాడు, లేకపోతే లేదు. ఒకరోజు నాతో, మామూలుగా, ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా, "చెవి పోయాక ఇంక నేనెందుకమ్మా" అన్నాడు. నేను గట్టిగా అరిచి ఏదో సమాధానం చెప్పాను. ఆయనకి వినపడలేదు. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. దేనికి ముందు చోటివ్వాలో తెలియక గిన్నెలు తోముతూ కూర్చున్నాను.

అప్పటికి నేను బాపట్లలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్తున్నాను. పొద్దున పాసింజరుకి వెళ్ళి సాయంత్రం తిరిగి రావడం. టీచరమ్మగారికి కడుపులో జబ్బు ముదిరిపోయి, బాపట్లలో చెల్లెలి ఇంటికి తీసుకొచ్చారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. మంచంలో ఇంతే అయిపోయి ఉంది. భయపెట్టే మనిషి అలా అయిపోతే చూడలేం. నాన్న చెవుల సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది అనుకున్నానుగానీ ఆవిడ అంతా విని, "నార్వే మేష్టారి చెవులు చివరిదాకా పనిచేశాయో లేదో. అదీ రాయరు పుస్తకాల్లో" అంది.

స్కూలు అయ్యాక అప్పుడప్పుడూ వెళ్ళేదాన్ని. ఒకరోజు ఆవిడే మొదలుపెట్టింది. "అమ్మాయ్, ఆయన పోయినప్పుడు ఆ చర్చిలో పెట్టె ఎవరు వాయించి ఉంటారంటావు? వాయించేది ఆయన కదా. ఆయన పెట్టెలో పడుకుంటే మరి వాయించేదెవరు?"

ఆవిడకి కావలసింది జవాబు కాదు.

"ఆ కీబోర్డు రాకముందు రేపల్లెలో నేను వాయించకుండా మట్టిలోకి వెళ్ళినవాళ్ళు లేరు. నాకు మాత్రం ఎవరున్నారు? ఆ కీబోర్డు పిల్లలు మంచివాళ్ళేలే. ఈ పాట నేర్పుతాను రండర్రా అంటే స్లోగా ఉంది టీచర్ అన్నారు. ఈ పాట వేళ్ళకి వచ్చిన మనిషి మీ నాన్న ఒక్కడే మిగిలాడు. ఆ పాత పెట్టె మీద నాకు వాయించమని చెప్పు."

"ఆయనకి వినపడదండి" అన్నాను.

"నాకు మాత్రం వినపడుతుందా ఏంటి అప్పటికి?" అంది. నవ్వింది కూడా. నవ్వితే నొప్పి వచ్చినట్టుంది, చెల్లెలు వచ్చి దిండు సర్దింది. కాస్త తేరుకున్నాక, "పాటెత్తితే చాలని చెప్పు. జనం వాళ్ళే అందుకుంటారు. అంతమంది చావులకి పాడినవాళ్ళు, నాకు పాడరా? చర్చి నిండా ఆ పాట లేవాలి. అంతకంటే నాకేం వద్దు" అంది.

ఇంటికొచ్చి నాన్న చెవి దగ్గర అరిచి అరిచి చెప్పాను. వీధి మొత్తానికి తెలిసింది. వద్దంటాడనుకున్నాను. "ఆ పెట్టె ఎలా ఉందో" అన్నాడు. మర్నాడు అటక మీంచి పనిముట్లు దించుకున్నాడు.

పెట్టె ఘోరంగా ఉంది. చర్చి వెనక గదిలో విరిగిన కుర్చీలు, క్రిస్మస్ నక్షత్రాల కింద పడేసి ఉంది. తిత్తి గుడ్డ ఎలుకలు కొట్టేశాయి. కొత్తగా వచ్చిన పాస్టరు గారు కుర్రాయన, తాళం ఇచ్చి, "బాబాయిగారూ, టీచరమ్మగారి మాట మాకూ తెలుసండి. బాగుచేయండి, మాకు అభ్యంతరమేం లేదండి" అన్నాడు. మంచి మనిషి. మంచివాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం ఇంకా కష్టం.

సెలవు రోజుల్లో నేనూ నాన్నతో రేపల్లె వెళ్ళేదాన్ని, ఆయన చెవులుగా. తిత్తికి నేను అక్కర్లేకపోయింది. అతుకుల దగ్గర చెంప ఆనించి, గాలి తగులుతోందో లేదో చూసుకుంటూ కట్టేశాడు. గొడవంతా శ్రుతి దగ్గర వచ్చింది. రెండు మెట్లు కలిపి నొక్కితే మధ్యలో వణుకు వినపడకూడదు. వణికితే రీడు కొన మీద గానీ, మొదలు దగ్గర గానీ గోకి సరిచేయాలి. కింది స్వరాల వణుకు ఆయన చెక్కకి చెయ్యి ఆనించి పట్టేశాడు. పై వాటికి నేనే దిక్కు. "వణుకుతోందా?" అంటాడు. నేను ఊ అంటాను. గోకుతాడు. "ఇప్పుడు?" ఇంకా ఊ. "ఇప్పుడు?" ఏమో. "ఏమో ఏంటి? వణుకుతోందా లేదా?" ఆయనకి తన గొంతు ఎంత పెద్దదో తెలీదు. గోడలు అదిరేలా అరిచేవాడు. నేనూ అరిచేదాన్ని. దేవుడి ఇంట్లో తండ్రీకూతుళ్ళం కొట్టుకు చచ్చేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం నాకు విసుగొచ్చి, ఇంక వణకడం లేదు, బాగుంది అని తలూపాను. నాన్న రీడు వంక కాకుండా నా మొహం వంక చూశాడు. "అబద్ధం. నీ మొహమే వణుకుతోంది" అని మళ్ళీ గోకడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆయనకి అబద్ధం చెప్పలేదు. చివరికి మూడో పాదం పైస్వరం నిలబడింది. నిజంగా నిలబడింది. నేను చేతులెత్తి చూపించాను. ఆయన కూర్చుని, కళ్ళు మూసుకుని, తనకి వినపడని ఆ స్వరాన్ని అలాగే నొక్కి పట్టుకున్నాడు. ఆ నిమిషం ఒక్కటీ మేం సంతోషంగా ఉన్నాం. దాచడం ఎందుకు.

టీచరమ్మగారు పోయారని క్లాసులో ఉండగా ఫోన్ వచ్చింది. శవాన్ని రేపల్లె తీసుకెళ్ళారు. నేను బాపట్ల నుంచి రైల్లో తెనాలి వెళ్ళి, నాన్నని వెంటబెట్టుకుని రేపల్లె చేరాను. ఆయన తెల్ల లాల్చీ వేసుకున్నాడు. రైల్లో మోకాళ్ళ మీద వేళ్ళు కదుపుతూనే ఉన్నాడు.

చర్చి నిండింది. అది మాత్రం చెప్పుకోవాలి. నిలబడ్డానికి చోటు లేదు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఊరు ఊరంతా వచ్చింది. పెద్ద స్పీకర్లు, కీబోర్డు, మైకులు. కుర్రాళ్ళు పాడిన పాటలకి జనం చప్పట్లు కొడుతూ, ఏడుస్తూ పాడారు. నేను ఆ నిండుదనం చూసి ధైర్యం తెచ్చుకున్నాను. ఇంతమంది అందుకుంటే గోడలు ఆగవు అనుకున్నాను. పాస్టరు గారు మైకులో, టీచరమ్మగారి కోరిక ప్రకారం పాత పాట ఒకటి అని చెప్పి, పాట నంబరు చెప్పాడు. కొందరు పాత పుస్తకాల కోసం పక్కవాళ్ళని అడిగారు. అవి లేవు. ఎవరూ పారేయలేదు, అవి అలా ఎటో పోయాయి.

నాన్న జనం వైపు వీపు పెట్టి కూర్చుని తొక్కడం మొదలుపెట్టాడు.

మొదటి పాదం. ఎవరూ అందుకోలేదు. మొదలు కదా అనుకున్నాను. ముందు వరసలో ఒక ముసలావిడ నోరు తెరిచింది. రెండు మాటలు వచ్చాయి, తర్వాతివి రాలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో పాదం. కీబోర్డు అబ్బాయి తలొంచుకుని నిలబడ్డాడు, గౌరవంగానే. రెండో పాదం తర్వాత నాన్న ఆగాడు. రేపల్లె సంఘం ఊపిరి తీసుకునే చోటు. బయట జెనరేటరు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ ఊపిరి తీసుకునేవాళ్ళంతా ఎక్కడున్నారో నాకు అప్పుడు తెలిసింది. వాళ్ళని టీచరమ్మగారే ఒక్కొక్కరినీ సాగనంపింది, ఇదే పాటతో. ఆవిడ ఆ లెక్క చూసుకోలేదు.

మూడో పాదం ఎక్కి పైస్వరం నిలబడింది. ఎక్కడా వణకలేదు. నాకు మాటలు రావు, రాగం ఒక్కటే వచ్చు. నోరు మూసుకుని కూనిరాగంలా తీశాను. అంత చర్చిలో అది నాకే వినపడలేదు.

ఆయన అన్ని చరణాలూ వాయించాడు. పాస్టరు గారు మధ్యలో ఒకసారి నా వైపు చూసి, ఆపించమంటావా అన్నట్టు చెయ్యి కదిపాడు. ఎలా ఆపను? ప్రతి చరణంలో రెండో పాదం తర్వాత నాన్న ఆగాడు. ప్రతిసారీ అదే జెనరేటరు. జనం ఓపిగ్గా నిలబడ్డారు. అయిపోయాక కొందరు చప్పట్లు కొట్టారు, పాపం, ఏం చేయాలో తెలియక. శవపెట్టె ఎత్తారు. కీబోర్డు మళ్ళీ మొదలైంది. సమాధుల దొడ్డి దాకా అందరూ ఆ పాటలే పాడుకుంటూ వెళ్ళారు.

సాయంత్రం తెనాలి పాసింజరులో నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. రైలు కదిలాక నా వైపు తిరిగి, "బాగా పాడారా?" అన్నాడు.

తల ఊపాను. చేతులు రెండూ చాపి, అందరూ, చర్చి నిండా, అన్నట్టు చూపించాను.

ఆయన నా మొహం వంక చూశాడు. పొలాల వంక తిరిగాడు. "మోకాలికి ఏమీ తెలియలేదమ్మా" అన్నాడు. ఆయన గొంతు ఎంత పెద్దదో ఆయనకి తెలీదు కాబట్టి రైలు పెట్టెలో అందరూ మా వైపు చూశారు. "మొదటి పాదంలోనే తెలిసింది. రెండో పాదం తర్వాత ఆగాను, ఊపిరి తీసుకుని అప్పుడు అందుకుంటారేమోనని. ప్రతిసారీ చూశాను."

నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఏదో స్టేషన్ వచ్చి వెళ్ళింది, వేరుశనగకాయలమ్మే మనిషి ఎక్కి దిగిపోయాడు. చాలా దూరం వెళ్ళాక నాన్న మళ్ళీ నా వైపు వంగాడు.

"నార్వే మేష్టారికి పాడి ఉంటారంటావా?"

"పాడే ఉంటారు నాన్నా" అని అరిచాను.

ఈసారి ఆయన నా మొహం వంక చూడలేదు.